పశువులపాలిటి సంయోగవిషము

పల్లెయందు పశువు మరణించినపుడు ఆ మరణమునకొక పేరు పెట్టుట మన కర్షకులకు అనాదిగా నున్న యాచారము. పాము కరచినదందురు. గొంతువాపు వచ్చినదందురు. జబ్బవాపనియు, చిటుకు రోగమనియు, నాము తిన్నదనియు చెప్పుకొందురు. పేరు తెలిసిన మరణమునకు ప్రతిక్రియయు తెలియును; వచ్చు ఏటికి టీకా వేయింతురు, లేదా ఆ పొలమునకు మందను తోలక మానుదురు. కాని నేటి పొలములలో పేరు పెట్ట వీలుకాని మరణము లేర్పడుచున్నవి. ఒక విషమువలన గాక, రెండు మూడు విషములు కలిసి, వానిలో నే యొక్కటియు తానై చంపజాలనంత స్వల్పముగ నుండి, కూడి చంపునట్టి మరణము లివి. వీనిని గూర్చి పాఠక మహాశయులతో ముచ్చటింపవలయునని మేము చాలకాలముగ తలంచుచున్నాము.

మన ప్రాచీన వైద్యులకు ఈ భావము క్రొత్తది కాదు. చరకాదులు స్థావరవిషమనియు, జంగమవిషమనియు విభజించి, అంతటితో నిలువక, ద్రవ్యముల కలయికవలన బుట్టు విషమునకు గరమని వేఱుగ నామకరణము చేసిరి. శరీరమున జిక్కుకొని, వెంటనే చంపక, బలహీనమై దాగియుండి, అదను దొరికినపుడు తలయెత్తు విషమునకు దూషీవిషమని మఱియొక పేరు గలదు. ఈ రెండు సంజ్ఞలును నేటి పశుగ్రాసమునకు సరిగా నన్వయించును. ఒక చేతితో యూరియా చల్లి, రెండవచేతితో పురుగుమందు కొట్టి, మూడవనాడు ఆ పొలముననే పశువును మేపు కాలమున, గరమన నేమో తెలిసికొనుటకు సంహితలు తిరుగవేయ నక్కఱలేదు. గట్టుమీది గడ్డిని పరీక్షించిన చాలును.

ఇందులకు మన తెలుగుగడ్డమీదనే యొక గొప్ప దృష్టాంతము గలదు. 2006వ సంవత్సరము ప్రథమభాగమున, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి వరంగల్లు జిల్లాలో ఇప్పగూడెము, ఉనికిచర్ల మున్నగు గ్రామములలో గొఱ్ఱెలు వందల కొలదిగ మరణింపసాగెను. ప్రత్తి తీత ముగిసి మోళ్లు మాత్రము మిగిలిన చేలలోనికి కాపరులు యథాపూర్వముగ మందలను దింపిరి. ఆకులను, లేత కాయలను గొఱ్ఱెలు రెండు మూడు దినము లెడతెగక మేసినవి. పిదప మందగించి నిలిచిపోవుట, దగ్గు, ముక్కునుండి స్రావము, కడుపుబ్బు, నల్లని విరేచనములు కనుపించి, కొన్ని దినములకే ప్రాణములు విడిచినవి. అదే ఏప్రిలునెలలో గొఱ్ఱెల మేకల పెంపకందారుల సంఘమువారును, ఆంత్ర యను పశువైద్యుల సంస్థవారును, సుస్థిర వ్యవసాయ కేంద్రమువారును ఆ గ్రామములకు బోయి విచారించిరి. నాలుగు గ్రామములలో 1,820 గొఱ్ఱెలు చనిపోయినట్లు కాపరులు చెప్పిరి. గొల్ల, కురుమ కుటుంబములకు మంద యన బ్యాంకి, మంద యన భూమి, మంద యన కూతురి పెండ్లి. ఆ యెండకాలమున ఎన్ని యిండ్లలో పొయ్యి చల్లారినదో లెక్కవ్రాసిన వారు లేరు.

వెంటనే దేశమున పెద్ద వాదము చెలరేగినది. ఆ చేలలో వేసిన ప్రత్తి బి.టి. ప్రత్తి. సూక్ష్మజీవియొక్క జన్యువును చొప్పించి పుట్టించిన యీ విత్తనమునకు మన దేశమున 2002 మార్చిలో ప్రప్రథమముగ అనుమతి లభించినది. మరణములకు ఆ విత్తనమే కారణమని ఒక పక్షమువారును, కానేకాదని మఱియొక పక్షమువారును కత్తులు నూరిరి. కేంద్రప్రభుత్వముయొక్క జెనెటిక్ ఇంజనీరింగ్ అప్రూవల్ కమిటీవారు రాష్ట్ర పశుసంవర్ధకశాఖనుండి వచ్చిన నివేదికను పరిశీలించి తమ యభిప్రాయమును వెల్లడించిరి. మరణములకు బి.టి. విషము కారణము కాదనియు, నైట్రేటులు నైట్రైటులు అధికముగ నుండుటయు, హైడ్రోజన్ సయనైడు అవశేషములును, ప్రత్తిసాగునందు వాడు పురుగుమందులలోని ఆర్గానోఫాస్ఫేటులును కారణములై యుండవచ్చుననియు దాని సారాంశము.

ఈ తీర్పును పాఠకులు మఱియొకమారు నెమ్మదిగ చదువవలయునని మా ప్రార్థన. విత్తనము నిర్దోషియని చెప్పిన వాక్యములోనే ముగ్గురు దోషుల పేర్లు చెప్పబడినవి. కాని దేశమున నేమి జరిగినది? విత్తనపక్షమువారు నిర్దోషిత్వమును విని సంతసించి ఇంటికి బోయిరి. ప్రతిపక్షమువారు ఆ నిర్దోషిత్వమును ఖండించుటలో నిమగ్నులైరి. పేర్కొనబడిన ముగ్గురిని బోనులో నిలిపి విచారింప బూనినవారు అరుదు. నైట్రేటు ఎచ్చటినుండి వచ్చినది? ఎంత యెరువు వేసినందున వచ్చినది? ఏ మందు కొట్టిన యెన్నవనాడు మంద దిగినది? రెండును కలిసినపుడు గొఱ్ఱె శరీరమున నేమి జరుగును? ఈ ప్రశ్నలు చల్లారిపోయినవి. హత్య జరిగిన యింట ఒకనిని వదలిపెట్టి, తక్కిన ముగ్గురి పేర్లను గోడమీద వ్రాసి, న్యాయస్థానమునకు తాళము వేసినట్లయినది.

విత్తనమును గూర్చిన వివాదమును మేమిచ్చట తిరుగ త్రవ్వబోము. ప్రభుత్వ సంఘమువారే నోరార చెప్పిన కారణములను మాత్రము తీసికొని, అవి యెట్లు పనిచేయునో తెలిసికొందము.

మొదటిది నైట్రేటు. మొక్కలు భూమినుండి నత్రజనిని ముఖ్యముగ నైట్రేటు రూపముననే పీల్చుకొని, సూర్యరశ్మి సహాయమున దానిని మాంసకృత్తులుగ మార్చుకొనును. వర్షాభావమున మొక్క ఎదుగుదల నిలిచినపుడును, మబ్బుపట్టి యెండ చాలనపుడును, వేసిన యెరువు అవసరమునకు మించినపుడును ఈ మార్పు కుంటుపడి నైట్రేటు కాడలో నిలువయగును. జొన్న, సజ్జ, మొక్కజొన్న, తోటకూర జాతి కలుపుమొక్కలు దీనిని విశేషముగ కూడబెట్టును. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. అది నేలలో పడిన కొలది దినములలో అమ్మోనియాగను, పిదప నైట్రేటుగను మారును. బస్తా చవుక యగుటచే మన రైతు తక్కిన పోషకములను తగ్గించి దీనినే హెచ్చించుచున్నాడు. పచ్చదనము చూచి పైరు బలిసినదని మురియుచున్నాడు.

ఆవు, గేదె, గొఱ్ఱె, మేక నెమరువేయు జంతువులు. వాని మొదటి పొట్టయందలి సూక్ష్మజీవులు నైట్రేటును నైట్రైటుగను, నైట్రైటును అమ్మోనియాగను మార్చును. మితముగ నున్నంతవఱకు ఇది పోషకమే. నైట్రేటు వెల్లువగ వచ్చినపుడు రెండవ మెట్టు మొదటిదాని వేగము నందుకొనజాలదు. మధ్యలో నైట్రైటు పోగుపడి రక్తమున గలియును. అట్లు కలిసి రక్తములోని హీమోగ్లోబినును మెట్‌హీమోగ్లోబినుగ మార్చును. ఇది ప్రాణవాయువును మోయజాలదు. ఊపిరితిత్తులు గాలిని పీల్చుచునే యుండును. రక్తము దానిని గొనిపోదు. చిగుళ్లు నీలివర్ణమగును, పశువు రొప్పును, తూలును, కూలును. కోసి చూచిన రక్తము చాకొలేటువలె గోధుమవన్నెతో నుండును. ఎండు గ్రాసమున నైట్రేటు నూటికి అరపాలు లోపున నున్నచో భయము లేదనియు, ఒకపాలు మించినచో ప్రమాదమనియు పశువైద్యశాస్త్రమున స్థూలమైన కొలత గలదు.

రెండవది సయనైడు. దీని సంగతి మన రైతులకు తాతలనాటినుండియు తెలియును. కోసిన జొన్నమోటినుండి వచ్చు పిలకను, వాడిపోయిన లేతజొన్నను మేసిన పశువు నిలిచినచోటనే పడిపోవుటను మనవారు నాము పట్టుట యందురు. ఆ మరణమునందు రక్తము గోధుమవన్నెకు మారుగ మిక్కిలి యెఱ్ఱగ నుండును. ఏలయన రక్తమున ప్రాణవాయువున్నను శరీరకణములు దానిని వాడుకొనజాలవు.

మూడవది పురుగుమందు. మోనోక్రోటోఫాస్, ఫోరేట్, క్లోర్‌పైరిఫాస్ మున్నగునవి ఆర్గానోఫాస్ఫేటు జాతివి. కార్బోఫ్యూరాన్ గుళికలు, కార్బరిల్ పొడి కార్బమేటు జాతివి. నరములనుండి కండరములకు సందేశము చేర్చు ద్రవ్యమును పని ముగిసినపిదప తుడిచివేయు అసిటైల్‌కోలినెస్టరేజ్ అను పదార్థము శరీరమున గలదు. ఈ రెండు జాతుల మందులును దానిని బంధించును. అంతట నరములకు విశ్రాంతి యుండదు. నోట చొంగ కారును, కన్నీరు కారును, కంటిపాప సూదిమొనయంత యగును, కండరములు అదరును. ఊపిరిగొట్టములలో స్రావము నిండి, తుదకు శ్వాసకండరములు చచ్చుపడును.

ఇక ఈ మూటిని కలిపి చూడుడు. ఒకటి శ్వాసమార్గమును మూయుచున్నది. ఇంకొకటి వచ్చిన కొద్దిపాటి ప్రాణవాయువును రక్తము మోయకుండ జేయుచున్నది. వేఱొకటి మోసికొనివచ్చినదానిని కణములు త్రాగకుండ నడ్డుచున్నది. గుమ్మమునకు గడియ వేసి, దారిని త్రవ్వి, వంటయింటికి నిప్పుపెట్టినట్లు మూడుచోట్ల ముట్టడి సాగును. వేఱువేఱుగ సహింపదగిన మోతాదులు కూడినపుడు సహింపరానివగుట కింతకంటె విశేష తర్కము అక్కఱలేదు.

చికిత్సయందు మఱియొక చిక్కు గలదు. ఇది మా పాఠకులు ముఖ్యముగ గుర్తుంచుకొనవలసినది. నైట్రైటు విషమునకు మెథిలీన్ బ్లూ అను నీలిమందును నరమున నెక్కింతురు. నామునకు సోడియం నైట్రైటును, సోడియం థయోసల్ఫేటును ఇత్తురు. అనగా ఒక విషమునకు విరుగుడైన వస్తువే మఱియొక విషము! నైట్రైటుచే చచ్చుచున్న పశువునకు నామని పొరబడి నైట్రైటు నెక్కించినచో మిగిలిన ప్రాణమును మనమే తీసినట్లగును. ఆర్గానోఫాస్ఫేటునకు విరుగుడు అట్రోపిన్. కాని ప్రాణవాయువు చాలక నీలిబారిన శరీరమున దానిని తొందరపడి యెక్కించిన గుండె లయ తప్పు ప్రమాదము గలదని వైద్యగ్రంథములు హెచ్చరించుచున్నవి. మూడు విషముల లక్షణములు పెనగొనియున్న గొఱ్ఱెముందు, రాత్రివేళ, లాంతరు వెలుగున నిలిచిన గ్రామ పశువైద్యుని యవస్థ నూహింపుడు. వరంగల్లు గొఱ్ఱెల విషయముననే చూడుడు. కేవల నైట్రైటు మరణము గంటలలో ముగియును. అవి దినముల తరబడి తీసికొని చచ్చినవి. దగ్గు, స్రావము ఒకదానిని సూచించును. ఉబ్బు, విరేచనములు మఱియొకదానిని సూచించును. ఏ యొక్క విషముయొక్క చిత్రమును అచ్చముగ లేదు. అందుచేతనే ప్రతిపక్షమును తనకు నచ్చిన లక్షణమును చూపి వాదింపగల్గినది.

తక్షణమరణమే ఇంతలు కాగా, తిని బ్రతికిన పశువుల సంగతి వేఱు. 1999లో అమెరికాదేశపు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునందు వారెన్ పోర్టరను జంతుశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక పరిశోధనను ప్రకటించిరి. ఆల్డికార్బ్ అను పురుగుమందును, అట్రజీన్ అను కలుపుమందును, నైట్రేటును వ్యవసాయప్రాంతముల భూగర్భజలములలో కనుపించునంత పాళ్లలోనే నీటియందు గలిపి ఎలుకలకు ద్రావించిరి. విడివిడిగ నిచ్చినపుడు కానరాని మార్పులు కలిపి యిచ్చినపుడు కనుపించినవి. కంఠగ్రంథియొక్క స్రావము, రోగనిరోధకశక్తి, ప్రవర్తన మార్పు నొందినవి. కార్బమేటు మందులు జీర్ణాశయపు ఆమ్లమున నైట్రైటుతో గలిసి నైట్రోసో సంయోగములుగ మారగలవనియు, కార్బరిల్‌నుండి అట్లు పుట్టు పదార్థము క్యాన్సరునకు హేతువగు స్వభావము గలదనియు ప్రయోగశాలలయందు తేలినది. గరమనగా నిదియే. రెండు వస్తువులు కలిసి మూడవదానిని పుట్టించుట, ఆ మూడవది రెండింటికంటె క్రూరమగుట.

శాస్త్రమిట్లుండగా చట్టమెట్లున్నది? మన క్రిమిసంహారకముల చట్టము 1968 నాటిది. ప్రతి మందును విడిగ పరీక్షించి, విడిగ నమోదు చేసి, ఆహారమున దాని యవశేషమునకు విడిగ హద్దు నేర్పరతురు. త్రాగునీటియందు నైట్రేటునకు లీటరున 45 మిల్లిగ్రాములని వేఱొక హద్దు. ప్రతి విషమునకు తన కంచె తనకున్నది. కంచెల నడుమ పశువున్నది. కేంద్ర భూగర్భజలసంఘమువారు 2024లో వెలువరించిన నివేదిక ననుసరించి దేశమున పరీక్షించిన నీటిలో దాదాపు నూటికి 20 నమూనాలు ఆ హద్దును మీఱినవి. హద్దుమీఱిన జిల్లాలు 440. ఆ నీటినే త్రాగి, ఆ నీటితో పెరిగిన గడ్డినే మేసి, ఆ గడ్డిమీద కొట్టిన మందునే నాకు పశువునకు ఈ మూడు హద్దులను కలిపి లెక్కించు వారెవరు?

ఒకటి రెండు శుభచర్యలు జరుగలేదని మేమనము. ఎండోసల్ఫానును సర్వోన్నతన్యాయస్థానము 2011 మే నెలలో నిలిపివేసినది. ఫోరేట్, ట్రయజోఫాస్ మున్నగు ఆఱు మందులను 2020 డిసెంబరు 31తో ఆపివేయవలయునని 2018లో కేంద్రప్రభుత్వ మాజ్ఞాపించినది. యూరియాకు వేపనూనె పట్టించుట 2015నుండి నిర్బంధమైనది. దానివలన నత్రజని నైట్రేటుగ మారు వేగము తగ్గును. కాని ఒక మందు పోయినచోట మఱియొక మందు వచ్చుచున్నది. కలయికను గూర్చిన ప్రశ్న యెప్పటివలెనే నిలిచియున్నది.

మేమీ వాక్యములను పరవాడ ప్రాంతమును కన్నులముందుంచుకొని వ్రాయుచున్నాము. విశాఖపట్టణపు ఓడరేవునకును ఉక్కుకర్మాగారమునకును నైరృతిగ నున్న యీ సీమ 2022 ఏప్రిలునుండి అనకాపల్లి జిల్లాలో జేరినది. ఒకప్రక్క 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రము. ఇంకొకప్రక్క రెండువేల యెకరములకు మించిన ఔషధనగరము. వాని సందులలో వరి, చెఱకు, నువ్వులు, చోళ్లు పండించు పల్లెలు. కర్మాగారములు మేతబీళ్లను తగ్గించినవి. బీళ్లు తగ్గినకొలది పశువు పొలము గట్టుకును, గెడ్డ యొడ్డుకును, కోసిన చేనికిని, చెఱకుతోటనుండి తెచ్చిన ఆకునకును అంటిపెట్టుకొనవలసి వచ్చినది. వెనుకటి పశువు పదిచోట్ల పదిరకములు మేసి, ఒకచోటి దోషమును మఱియొకచోటి మేతతో విఱుచుకొనుచుండెను. నేటి పశువునకు ఆ స్వేచ్ఛ లేదు. యూరియా చల్లిన మడిగట్టే దానికి పచ్చిక. మందు కొట్టు పంపును కడిగిన గెడ్డయే దానికి నీరు. కర్మాగారపు వ్యర్థము నాలుగవ భాగస్వామిగ జేరు ప్రమాదము గల యిట్టిచోట కొలత మఱింత యవసరము.

ఈ ప్రాంతము వాయువిషమును చవిచూచినది. 2020 మే 7 తెల్లవాఱుజామున ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను వెలువడి 12 మంది మరణించినపుడు, కట్టుగొయ్యలవద్ద పశువులును పడిపోయినవి. అట్టి మరణమును లోకమంతయు చూచును, విచారణసంఘము లేర్పడును, పరిహారములు ప్రకటింపబడును. నెమ్మదిగ జరుగు మరణమునకు సాక్షులు లేరు. ఈచుకొని పోయిన సూడిగేదె, తగ్గిన పాలు, ఎదకు రాని పడ్డ, కారణము తెలియక కూలిన మేక, ఇవి ఏ దినపత్రికయందును పడవు. పడకపోవుటచేతనే అవి జరుగుటలేదని మనము నమ్ముచున్నాము.

చేయదగినదేమి? మొదట మా పాఠకులలో భూమిగల పెద్దలనే మేమర్థించుచున్నాము. ఏ చేనికి ఏ మందు ఏనాడు కొట్టబడినదో తెలిసినవాడు భూస్వామి, తెలియనివాడు కాపరి. పొలమునకు ఎరువగునని మందను కట్టించుకొనునది మనము. మంద రాత్రియెల్ల నిలిచి మన చేనికి సారమిచ్చి పోవును. అట్టి యుపకారికి ఈ చేనికి నిన్న మందు కొట్టితిమని ఒక్కమాట చెప్పకుండుట కేవలము పొరపాటు కాదు, అధర్మము. మందు కొట్టిన చేనిగట్టున ఒక వేపమండనో, ఎఱ్ఱగుడ్డనో పాతించుట కెంత వ్యయమగును? మందుసీసాపై వ్రాసిన గడువు కోతకు మాత్రమే యని మనవారు తలంచుచున్నారు. కోయు మనుష్యునకు గడువున్నపుడు మేయు పశువునకు గడువు లేదా? ఆ గడువు తీఱనిది గట్టుగడ్డిని కోయింపరాదు, మందను దింపరాదు. పంపులను చెఱువులోను గెడ్డలోను కడుగుట మానవలయును. యూరియా బస్తాలను, ఆ బస్తాలు నానిన నీటిని పశువునకు అందనీయరాదు.

గ్రాసము విషయమున కొన్ని జాగ్రత్తలు సులభములు. బెట్టపట్టిన పైరు తొలివానకు చిగిర్చినపుడు ఒక వారము దినములైన మేపరాదు. ఆకలిగొన్న పశువును పచ్చిజొన్నలోనికి ఒక్కమారుగ వదలరాదు. ముందుగ ఎండుగడ్డి వేసి పిదప కొద్దికొద్దిగ నలవాటు చేయవలయును. నైట్రేటు కాడయొక్క అడుగుభాగమున హెచ్చుగ నుండును గనుక కొంచెమెత్తుగ కోయుట మేలు. ఎండబెట్టినంత మాత్రమున నైట్రేటు పోదు. పాతఱవేసి పులియబెట్టినచో గణనీయముగ తగ్గును.

రెండవది ప్రభుత్వపు విధి. డైఫినైలమైను అను ద్రావకమును కోసిన కాడమీద ఒక చుక్క వేసిన నైట్రేటున్నచో ముదురునీలి రంగు వచ్చును. ఇంత చవుకయైన పరీక్ష ప్రతి గ్రామ పశువైద్యశాలయందును ఉండవలయును. ఆ ద్రావకమున గాఢగంధకికామ్లముండును గాన శిక్షితులచేతనే చేయింపవలయును. మెథిలీన్ బ్లూయు, అట్రోపినును, సోడియం థయోసల్ఫేటును నిలువ తప్పకుండవలయును; 1962 నంబరునకు పిలిచిన వచ్చు సంచార పశువైద్యశకటములలోను ఇవి యుండవలయును. మూకుమ్మడిగ పశువులు చచ్చినచోట కడుపులోని మేతను, రక్తమును, కంటిలోని ద్రవమును వెంటనే చల్లబఱచి ప్రయోగశాలకు బంపి, మూడు విషములకును ఒకేమారు పరీక్షించి, ఫలితమును కాపరిచేతికి వ్రాతమూలముగ నీయవలయును. ఆ కాగితము లేనిచో అతనికి బీమాయు లేదు, పరిహారమును లేదు. గరివిడియందు పశువైద్య కళాశాల యున్నది. ఉత్తరాంధ్రమంతటికిని ఈ పరిశోధన నందు ప్రారంభింపవచ్చును. 2019 పశుగణన ననుసరించి దేశమున గొఱ్ఱెల సంఖ్యలో తెలంగాణము ప్రథమస్థానమును, ఆంధ్రప్రదేశము ద్వితీయస్థానమును వహించినవి. రెండు రాష్ట్రములలో కలిసి మూడున్నర కోట్లకు పైగ గొఱ్ఱెలున్నవి. ఈ ప్రశ్న మనకు గాక మఱెవరికి ముఖ్యము?

చివరకు మూలమునకే పోదము. విషము లేకుండ పంట పండదను భయమును మనవారిలో గొందఱు ఇదివఱకే జయించినారు. ఖమ్మము జిల్లా పునుకుల గ్రామస్థులు 2004 ప్రాంతమున పురుగుమందులను విసర్జించిరి. వరంగల్లు జిల్లాలోనే ఏనబావి యను చిన్న పల్లెవారు రసాయనములను పూర్తిగ వదలి, 2006లో సేంద్రియగ్రామముగ ప్రకటించుకొనిరి. ఏ జిల్లాలో ఏ సంవత్సరమున గొఱ్ఱెలు గుంపులుగ కూలినవో, ఆ జిల్లాలోనే ఆ సంవత్సరముననే ఒక పల్లె వేఱుదారిని చూపినది. ఆంధ్రప్రదేశమునందు 2016నుండి ప్రకృతి వ్యవసాయమునకు ప్రభుత్వపు ప్రోత్సాహమును లభించుచున్నది. ఒక్కదినమున అందఱును ఆ దారి పట్టుదురని మేము తలంపము. యూరియాను సగము తగ్గించి పెంటయెరువును పెంచినవాడును, మందు కొట్టుటకు ముందు పురుగును లెక్కించినవాడును ఆ దారిలో నడచినవాడే.

కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున గోగణమునకు ప్రత్యేకముగ ఒక యధ్యక్షుని నియమించి, కాపరుల విధులను, పశునష్టమునకు బాధ్యతను వివరముగ విధించెను. పశువు చచ్చిన నెవరో యొకరు సంజాయిషీ చెప్పుకొనవలయునన్నది ఆ రాజనీతి. నేటి మన రాజ్యమున పశువు చచ్చిన సంజాయిషీ చెప్పువాడు కానరాడు. ఎరువు వర్తకుడు మందును చూపును. మందు వర్తకుడు విత్తనమును చూపును. విత్తన వర్తకుడు ఎరువును చూపును. ముగ్గురును నిజమే చెప్పుచున్నారు. ఏలయన ఏ యొక్కటియు తానై చంపలేదు. చంపినది కలయిక. ఆ కలయిక జరిగినచోటు మన పొలము. కావున దానిని విడదీయవలసిన చేయియు మొదట మనదే కావలయును.